ఐదో సూది

స్పిరిటులో తడిపిన దూది వాసన నాకు పడదు. మొన్న విశాఖపట్నంలో మా తమ్ముడి కూతురికి తోడుగా, పిల్లలు కలగడానికి వైద్యం చేసే ఒక ఆసుపత్రికి వెళ్లాను. పక్క గదిలోంచి ఆ వాసన వచ్చీ రాగానే నా నడుము కింది కండ దానంతటదే బిగుసుకుపోయింది. ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్లు దాటి ఉండవు. కాగితం మీద తలకిందులు చేసిన జామకాయలాంటి బొమ్మ గీసి, మా పిల్లకు నెమ్మదిగా చెప్పింది. "దీన్ని అడినోమయోసిస్ అంటారమ్మా. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర, గోడ కండలోకి చొచ్చుకుపోయింది. నీ నొప్పీ, ఆ రక్తం పోవడం అందుకే. కొన్ని నెలలు ఇంజెక్షన్లిచ్చి ముందు సంచికి విశ్రాంతి ఇద్దాం. ఆ తర్వాతే పిండం పెడదాం. తొందరపడితే నిలబడదు." ఇంతా చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. మా పిల్ల తలూపింది. ఈ రెండు నిమిషాల మాట నా చెవిన పడడానికి పెళ్లయ్యాక పదకొండేళ్లు పట్టింది. అది కూడా ఖరగ్‌పూర్‌లో ఒక నర్సు పట్టుబట్టి చెప్పించింది కాబట్టి. ఆమె పేరు దీనమ్మ. ఆమె మీద నాకు ఒక కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. అది కూడా దాచకుండా రాస్తాను.

మాది మూడు తరాలుగా ఖరగ్‌పూరే. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత వర్క్‌షాపులో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేను తెలుగు బడిలో టీచరుని. మా ఆయన సూర్యారావు వర్క్‌షాపులో ఫిట్టరు. మా అత్తతో కలిసి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్లు, వెనక వరసగా వరండాలు. ఆ వరసనే లైను అనేవాళ్లం. నెలకు మూడు రోజులు నేను వెనక వరండాలో విడిగా కూర్చోవాలి. విడి చాప, విడి కంచం. కాబట్టి లైనులో ఏ ఆడమనిషి ఎప్పుడు బయట చేరిందో, ఎప్పుడు తలకు పోసుకుందో మిగతా అందరికీ తెలిసేది. నాకు మూడు రోజులు కాదు, తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకునేదాన్ని. పక్కింటి అప్పలనర్సమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి టీచరమ్మా, ఈ నెల కూడా చాప దిగనేదా? బడి పిల్లల్ని కూడా ఇక్కడికే పిలిపించీరాదేటి" అనేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లలో ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

ఎనభైల నడుమలో మలంచా రోడ్డు మీది ఒక నర్సింగ్ హోమ్‌కు తిరగడం మొదలుపెట్టాను. దాని పేరు రాయను. అక్కడి పెద్ద డాక్టరు నా వైపు చూడకుండానే, "దర్ద్ తో సబ్‌కో హోతా హై" అన్నాడు, నొప్పి అందరికీ ఉండేదే అని. రెండేళ్లు మందుబిళ్లలు రాశాడు. మూడో ఏడు, సంచి ఉబ్బింది, గడ్డలై ఉంటాయి, తీసేద్దాం అన్నాడు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. నేను మంచం మీద సెలైను సూదితో పడుకుని ఉండగా, నా తల మీదుగా ఒప్పుదల కాగితం మా ఆయన చేతికి వెళ్లింది. ఆయన జేబులోంచి కలం తీశాడు. అప్పుడు సెలైను సీసా మారుస్తున్న నర్సు వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"సూర్యారావుగారూ, ఆ కలం ఆయమ్మకివ్వండి. సంచి ఆయమ్మది గదా."

"డాక్టరుగారు సెప్పినారు కదండీ," అన్నాడు మా ఆయన.

"డాక్టరుగారు సెప్పినారు. ఆయమ్మ సెప్పిందేటి?"

ఆ గదిలో నన్ను ఒక మాట అడగాలన్న ఆలోచన వచ్చింది ఆమె ఒక్కతికే. నేను వద్దన్నాను. కాగితం సంతకం లేకుండానే వెనక్కి పోయింది. మరుసటి వారం నుంచి దీనమ్మ సిస్టర్‌కు వార్డు డ్యూటీ తీసేసి, కట్లు కట్టే గదిలో వేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. నేనైతే అడిగి ఉండేదాన్ని.

దీనమ్మ నలభై ఐదేళ్ల మనిషి. పొట్టి, బలమైన చేతులు. భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి రైల్వే గార్డుగా చేశాడు. పెళ్లి చేసుకోలేదు. తీపి మాట ఆమె నోట నేను ఒక్కటీ వినలేదు. కట్లు కట్టే గదికి నేను వెళ్లి కూర్చుంటే, చేతిలో పని ఆపకుండా అడిగేది.

"నొప్పి ఎలాగుంటాది?"

"శానా నొప్పండి."

"శానా అంటే డాక్టరు ఏటి రాసుకుంటాడు? సంతలో కూరగాయలకి కూడా శానా అంటాం. నొప్పొచ్చినప్పుడు ఏ పని సేయలేకపోయినావో అది సెప్పు."

"నల్లబల్ల కాడ నిలబడలేకపోయినాను. కుర్చీలో కూకునే పాఠం సెప్పినాను."

"అది రాయి. ఏ తారీకు? ఎన్ని గుడ్డలు మార్చినావు? గడ్డలు పడ్డాయా? బూరె అంతా, గోలీ అంతా? సిగ్గెందుకు, నీ రక్తమే గదా."

అలా ఒక బడి నోటుబుక్కు నిండింది. తారీకు, గంట, ఎక్కడ నొప్పి, ఏం చేయలేకపోయాను. ఏడ్చానని రాస్తే కొట్టేయించేది. "ఏడుపు అందరూ ఏడుస్తారు. దానికి మందు నేదు" అనేది. నేను ఫిర్యాదుల మనిషినని మా వాళ్లంతా ఎగతాళి చేస్తారు. నీళ్ల పంపు గురించి, బడి కప్పు గురించి, పెన్షను కాగితాల గురించి నేను రాసిన అర్జీల్లో ఒక్కదాంట్లో కూడా "మిక్కిలి బాధతో" అన్న మాట ఉండదు. ఏ రోజున ఏ పని ఆగిందో ఉంటుంది. ఆ రాత దీనమ్మ నేర్పింది.

తొంభైలు మొదలయ్యాక, తనతో నర్సింగు చదివిన ఒకామె కలకత్తాలో పిల్లలు కలగడానికి వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గర పని చేస్తోందని తెలిసి, దీనమ్మ తన సెలవు రోజున నన్ను లోకల్ బండెక్కించింది. ఆ డాక్టరమ్మ బెంగాలీ మనిషి. నా నోటుబుక్కును దీనమ్మ పక్కన నిలబడి హిందీలో చదువుతుంటే, మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది. తర్వాత లోపలి నుంచి చేసే స్కానింగు, అప్పటికి అది కొత్త. తెర మీద బూడిదరంగు మచ్చ చూపించి, సంచి వెనక గోడ ముందు గోడకు రెండింతల మందం ఉందని చెప్పింది. గడ్డలు కావు. లోపలి పొర గోడలోకి ఇంకిపోయింది. ప్రతి నెలా ఆ పొర గోడలోనే రక్తం కారుస్తుంది, దానికి బయటికి పోయే దారి లేదు. "ఈవిడ చెప్పిందంతా నిజమే" అంది ఆ డాక్టరమ్మ, దీనమ్మతో. నిజమేనని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు. మా అత్త అనలేదు, మా ఆయన అనలేదు, మలంచా రోడ్డు డాక్టరు అనలేదు.

నాకు కావలసింది ఒకటే, ఈ సంచిలోనే ఒక బిడ్డ. ముందు సూదులు వేసుకుని సంచిని తగ్గించుకోమని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయనకు ఓపిక లేకపోయింది. "అన్ని నెలలు ఆగడమేటి, ఒకపాలి పిండం పెట్టి చూద్దాం" అన్నాడు. పెట్టి చూశాం. నిలబడలేదు. పద్నాలుగో రోజున మళ్లీ చాప మీద పడ్డాను. అప్పుడు ఒప్పుకున్నాడు. ఇరవై ఎనిమిది రోజులకు ఒక సూది. వరసగా నాలుగు, అవసరమైతే ఇంకొకటి. మందును చల్లగా ఉంచాలి. దీనమ్మ దాన్ని ఐసు నింపిన ఫ్లాస్కులో తెచ్చి మా ఇంట్లోనే వేసేది. అవి బలానికి వేసే సూదులని మా అత్త అనుకునేది. ఒక్క రోజు అటూ ఇటూ కానివ్వలేదు.

మొదటి సూది తర్వాత ముట్టు ఆగిపోయింది. ఆ మందు పనే అది. పదిహేనేళ్లుగా మెలిపెట్టిన నొప్పి పోయింది. ఒంట్లోంచి ఆవిర్లు పొంగేవి, మెడ మీద చెమటలు కారేవి, కీళ్లు నొప్పులు పెట్టేవి. అయినా ఆ రెండు నెలలూ నేను బతికాను. వెనక వరండాలో నా చాప విప్పలేదు. లైనులో ఆ సంగతి ఎవరూ గమనించకుండా ఉంటారా? మూడో నెలలో అప్పలనర్సమ్మ మా అత్తను గోడ దగ్గరికి పిలిచింది.

"ఒలమ్మా, మీ కోడలు బయట సేరి ఎన్నాళ్లయింది?"

"ఏటో, నేను సూడనేదు," అంది మా అత్త. చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది.

"మరేటి, నీళ్లోసుకున్నాది! సెమటలు సూసినావా? మా పెద్దదానికి కూడా ఇలాగే."

అంతే. ఆ సాయంత్రం నుంచి చేపముక్కల్లో పెద్దది నా కంచంలో పడింది. బిందె ఎత్తనివ్వలేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి మా అత్త నన్ను "అమ్మా" అంది. నేను కాదని చెప్పాలి. చెప్పలేదు. మా ఆయనతో చెబితే ఆయన నవ్వాడు. "ఎలాగూ అవుతాది కదా. ఓ రెండు నెలలు ముందు సంతోసపడితే ఏటి?" అన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. అది ఆయన తప్పని ఇప్పుడు రాయాలని ఉంది గాని, నాకు ఆ పెద్ద చేపముక్క రుచిగా ఉన్న మాట కూడా నిజం.

నాలుగు సూదులయ్యాయి. సంచి ఇంకా కొంచెం తగ్గాలని, ఐదోది కూడా వేయమని కలకత్తా డాక్టరమ్మ కబురు చేసింది. మా అత్త లెక్క ప్రకారం నాకు ఐదో నెల పడింది. గోల్‌బజార్ నుంచి ఆకుపచ్చ గాజులు తెచ్చింది, చలిమిడి చేసింది, లైనంతటినీ పేరంటానికి పిలిచింది. ఆ రోజే సూది రోజు. నేను మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉన్నాను.

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. పదిహేను మంది ఆడవాళ్లు. "పొట్ట కనబడదేటే?" అని ఒకామె అంటే, "తొలిచూలు, ఎనక్కుంటాది" అంది మా అత్త. ఒక చేతికి గాజులు పడ్డాయి. అప్పుడు గుమ్మంలో దీనమ్మ, చంకలో ఫ్లాస్కు.

"రండి సిస్టరమ్మా, మీరూ రెండు గాజులు తొడగండి," అంది అప్పలనర్సమ్మ.

"గాజులక్కాదు. సూదేయడానికొచ్చినాను."

"కడుపుతో ఉన్నదానికి సూదేటి?"

దీనమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకుని, పెదాలు కదిలీ కదలకుండా, "రేపు రండి" అన్నాను.

"రేపు కాదు. లెక్క ఇవాళ్టికే."

మా అత్త లేచి, నాకూ ఆమెకూ నడుమ నిలబడింది. "లోపల బిడ్డకేటైనా అయితే ఎవరు సెప్తారు? మా ఇంట సూదులొద్దు. ఎల్లండి."

దీనమ్మ మళ్లీ నన్నే చూసింది. నేను మాట్లాడతానని ఆగింది. నేను గాజుల వంక చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆమె అందరికీ వినబడేలా చెప్పింది.

"ఈ సూది ఏసుకుంటే ముట్టు రాదు. అందుకే రానేదు. ఈ అమ్మాయి కడుపుతో నేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నాకు తెలుసు. మా అత్త చేతిలో చలిమిడి ముద్ద అలాగే ఉండిపోయింది. ఒక్కొక్కళ్లే లేచారు. వెళ్తూ వెళ్తూ ఒకామె పళ్లెంలో పెట్టిన జాకెట్టు గుడ్డ వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత లోపలి గదిలో, స్పిరిటు దూది రాసి, దీనమ్మ నాకు ఐదో సూది వేసింది. చెయ్యి ఎప్పటిలాగే తిన్నగా దిగింది. "మా గుమ్మం తొక్కకండి" అన్నాను. "ఠీక్ హై. ఇంక సూదులు కూడా నేవు" అని ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్లిపోయింది.

మిగతా వైద్యానికి మా ఆయన్ని వెంటబెట్టుకుని నేనే కలకత్తా వెళ్లాను. దీనమ్మకు కబురు చెప్పలేదు. సంచి మెత్తబడిందని, గోడ పల్చబడిందని డాక్టరమ్మ సంతోషించింది. పిండం పెట్టారు. ఈసారి పద్నాలుగో రోజు గడిచింది. పరీక్షలో ఉందని తేలింది. తర్వాత స్కానింగులో, బియ్యపుగింజంత చోట ఏదో టపటప కొట్టుకోవడం నేను చూశాను.

ఇంటికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "అలాగా" అంది. లైనులో ఎవరూ ఏమీ అడగలేదు. నేను వేవిళ్లతో వాంతి చేసుకుంటుంటే గోడ అవతల అప్పలనర్సమ్మ, "ఈపాలి ఏ సూదో" అంది, నాకు వినబడాలనే. మూడో నెలా దాటింది. బిందెలు నేనే ఎత్తాను. చేపముక్కల్లో పెద్దది మా ఆయన కంచంలోకి తిరిగి వెళ్లింది. నిజంగా కడుపుతో ఉన్నదాన్ని ఆ ఇంట్లో నాలుగు నెలలూ దొంగలా మోశాను.

నాలుగో నెల చివర ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం వార్చుతుండగా నడుములో పోటు మొదలైంది. అది పాత నొప్పి కాదు, నాకు తెలుసు. మా ఆయన నన్ను అడక్కుండానే సైకిలెక్కి దీనమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "తొక్కొచ్చా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నేను చెయ్యి చాపాను. రిక్షా పిలిచేలోపే అంతా అయిపోయింది. ఆమె చేతుల్లోనే అయింది. మా ఆయన వాకిట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మా అత్త వంటగది గుమ్మంలోంచి, "ఏటి, ముట్టొచ్చిందా?" అని అడిగింది.

దీనమ్మ రెండు చేతులూ దగ్గరగా పట్టుకుని ఆమె ముందుకు వెళ్లింది. "ముట్టు కాదు. బిడ్డ. ఆడపిల్ల. కొత్త గుడ్డుంటే ఇవ్వండి."

మా అత్త చూసింది. చాలాసేపు చూసింది. ఈలోగా వెనక వరండాలో చేరిన ఆడవాళ్లలోంచి అప్పలనర్సమ్మ గొంతు వినబడింది. "బిడ్డేటి, ఆయమ్మ అలాగే సెప్తాది..."

మా అత్త గిరుక్కున తిరిగింది. "నోర్ముయ్యే! ఆ రోజు పదిమందిలో, నా మొగం మీద, నేదని సెప్పింది ఈవిడే. ఈవిడ ఉన్నాదంటే ఉన్నాది." అని నేల మీద కూలబడింది. ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదలు. తర్వాత లేచి, పెట్టెలోంచి ఉతకని కొత్త తెల్ల గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం అప్పలనర్సమ్మతో సహా లైనులో ఆడవాళ్లందరూ వచ్చి నా చాప చుట్టూ కూర్చున్నారు. పురుటింటికి తెచ్చినట్టు ఒకామె వెల్లుల్లి కారం తెచ్చింది.

మళ్లీ సూదులు వేసి మళ్లీ పెట్టవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి గోడ అన్నాళ్లు మోసింది, ఇంకోసారి ఇంకొన్నాళ్లు మోయవచ్చునంది. మా ఆయన ఇంక చాలన్నాడు. నేను పోట్లాడాను, ఏడాది పోట్లాడాను, ఓడిపోయాను. నొప్పి తిరిగి వచ్చింది. నలభై రెండో ఏట, సంచి తీయించుకునే కాగితం మీద నేనే సంతకం చేశాను. కలం ఎవరి జేబులోంచీ రాలేదు, నాదే. కోసి పరీక్షకు పంపాక, కలకత్తా డాక్టరమ్మ చెప్పిన రోగమే రిపోర్టులో వచ్చింది. ఆ రిపోర్టు తీసుకుని మలంచా రోడ్డుకు వెళ్లి, పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టి, పైకి చదవమన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, బయట చాలామంది పేషంట్లు ఉన్నారన్నాడు. నేను లేవలేదు. చివరికి చదివాడు, చిన్న గొంతుతో.

అప్పటికి దీనమ్మ రిటైరై భీమిలి వెళ్లిపోయింది. వెళ్లే ముందు చెప్పడానికి వచ్చినప్పుడు, నేను అడగదలుచుకున్నది అడిగేశాను. "ఆ రోజు నన్ను లోపలికి పిలిచి సెప్పొచ్చు గదా సిస్టర్. అంతమందిలో ఎందుకు?" "సెప్పొచ్చు," అంది. "తోచనేదు." క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని అనలేదు. టీ తాగి వెళ్లిపోయింది. కొన్నేళ్ల తర్వాత పోయిందని తెలిసింది.

ఆమె నన్ను లోపలికి పిలిచి చెప్పాల్సింది. ఈ మాట నేను ఇప్పటికీ మార్చుకోను. ఆ కిసుక్కుమన్న నవ్వు నా చెవిలోంచి పోలేదు, పోదు. కానీ నాకొక కూతురు ఉండింది. అరచేతిలో పట్టేంత. ఆమెకు పుట్టిన రోజు లేదు, పేరు లేదు, ఏ రిజిస్టరులోనూ లేదు. ఆమెను చూసినవాళ్లం ముగ్గురమే. మా అత్త పోయింది. దీనమ్మ పోయింది. మా ఆయన ఆ రోజు గోడ వైపు చూశాడు. ఉండిందని చెప్పగలిగినదాన్ని ఇక నేను ఒక్కదాన్నే. ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను. ఉండింది.